వానలో పాత ఓపెన్ టాప్ స్పోర్ట్స్ కారు నడపడం: సుంకి ఘాటీ దారుల్లో తిరిగేవారికి సమగ్ర మార్గదర్శి

పాత ఓపెన్ టాప్ స్పోర్ట్స్ కారులోకి వాననీరు వస్తుంది. ఎంత మంచి టాపు కుట్టించినా, ఎన్నిసార్లు రబ్బరు బీడింగు మార్చినా, తలుపు అద్దానికీ టాపు అంచుకూ మధ్య ఉన్న సందులోంచి ఒక సన్నటి ధార దిగి డ్రైవరు కుడి మోకాలి మీద పడుతూనే ఉంటుంది. ఈ సంగతి ముందే ఒప్పుకున్నవారు వానాకాలంలో కూడా కారును నిశ్చింతగా నడుపుకుంటారు. ఒప్పుకోనివారు జూన్ నుంచి అక్టోబరు దాకా దాని మీద టార్పాలిన్ కప్పి షెడ్డులో పెడతారు. ఆ టార్పాలిన్ కింద ఆరని చెమ్మకు రేకు రోడ్డు మీద తిరిగే కారు కంటే త్వరగా తుప్పు పడుతుంది. ఒడిశాలోని జయపురంలో 1964 నాటి ఎంజీబీ కారును చాలా ఏళ్ళుగా వానల్లో కూడా నడుపుతున్న నాకు అర్థమైనది ఇంతే: వచ్చిన నీటికి బయటికి దారి ఉండాలి, కరెంటు ఉన్న చోటికి అది చేరకూడదు, తడి రోడ్డు మీద టైరుకు ఒకేసారి రెండు పనులు చెప్పకూడదు. ఈ మార్గదర్శిలోని ప్రతి మెట్టూ ఈ మూడింటిలో ఏదో ఒకదాని కోసమే.

ఈ కార్లు వాన తెలియని దేశంలో పుట్టినవి కావు. 1950 నుంచి 1953 వరకు వచ్చిన ఎంజీ టీడీ, 1962 నుంచి 1980 వరకు వచ్చిన ఎంజీబీ, అదే కాలపు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్, ఇవన్నీ ఇంగ్లండులో తయారైనవే. అయితే అక్కడి తుంపరకూ మన వానకూ పోలిక లేదు. సాలూరు దాటి 26వ నంబరు జాతీయ రహదారి మీద సుంకి, పొట్టంగి, సెమిలిగుడ మీదుగా కోరాపుట్ చేరేవారికి ఒక్క పూటలోనే మైదానపు ఎండ, ఘాటీలో కుండపోత, పైన మబ్బు కమ్మిన ముసురు మూడూ ఎదురవుతాయి. జూన్‌లో తొలకరి, జూలై, ఆగస్టుల్లో రోజుల తరబడి ముసురు, అక్టోబరులో తుఫాను వానలు వస్తాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చిన రోజులు రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు వారికి ఇంకా గుర్తే. తుఫాను హెచ్చరిక ఉన్న రోజు ఈ కారు బయటికి తీయకూడదు. కింద రాసినదంతా మామూలు వానల గురించే.

మొదటి మెట్టు: టైర్లు

పాత కార్లు ఏడాదికి వెయ్యి, రెండు వేల కిలోమీటర్లకు మించి తిరగవు కాబట్టి టైరు గాడులు అరగవు. రబ్బరు మాత్రం ఎండి గట్టిపడుతుంది. చూడడానికి కొత్తగా ఉండే ఆ టైరే తడి రోడ్డు మీద అందరికంటే ముందు జారుతుంది. టైరు పక్కగోడ మీద అండాకారపు గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. పదేళ్ళు దాటిన టైరును గాడి ఎంత లోతుగా ఉన్నా తీసివేయాలి. ఆరేళ్ళు దాటినదాన్ని గాడి అంచు దగ్గర గోరుతో గట్టిగా నొక్కి చూడండి: గోరు దిగకపోతే అది వానకు పనికిరాదు. మన చట్టం 1.6 మిల్లీమీటర్ల గాడిని ఒప్పుకుంటుంది కానీ, వానలో 3 మిల్లీమీటర్లకు తగ్గితే నేను నమ్మను.

అందం కోసం వెడల్పు టైర్లు వేయించడం తరచుగా చూస్తుంటాను. ఎంజీబీ బరువు సుమారు 900 కిలోలు. అంత తేలిక కారు కింద వెడల్పు టైరు నీటిని చీల్చలేక దాని మీద తేలుతుంది. సన్నటి టైరు అదే బరువును చిన్న జాగా మీద మోపి నీటిని పక్కకు నెడుతుంది. కంపెనీ ఇచ్చిన కొలతే వేయించండి. రేడియల్ టైర్లనూ పాతరకం క్రాస్‌ప్లై టైర్లనూ ఒకే కారుకు కలిపి వేయకండి. వాటి పట్టు ఒకేలా ఉండదు, ఆ తేడా తడి మలుపులోనే బయటపడుతుంది.

వాన కదా అని గాలి తగ్గించడం పొరపాటు. నీటిని నెట్టే బలం టైరులోని గాలి నుంచే వస్తుంది. విమానాల టైర్ల కోసం కట్టిన ఒక లెక్క ప్రకారం 24 పౌండ్ల గాలి ఉన్న టైరు గంటకు సుమారు 80 కిలోమీటర్ల వేగం దగ్గర నిలిచిన నీటి మీద తేలడం మొదలుపెడుతుంది. 18 పౌండ్లకు పడిపోతే అది 70 దగ్గరే మొదలవుతుంది. కారు టైరుకు ఈ లెక్క ఉజ్జాయింపు మాత్రమే. అరిగిన టైరు ఇంకా ముందే తేలుతుంది.

రెండో మెట్టు: కరెంటు

వానలో పాత కారు ఆగిపోయిందంటే ముందుగా అనుమానించవలసినది ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరును. ముందు జాలీలోంచి వచ్చిన నీటిని రేడియేటరు ఫ్యాను పొగలాంటి తుంపరగా ఇంజిను మీదికి కొడుతుంది. ఆ తడి డిస్ట్రిబ్యూటరు మూత మీద చేరితే, ప్లగ్గుకు పోవలసిన వేల వోల్టుల కరెంటు తడి వెంట పాకి పక్క దారి పడుతుంది.

ఒక జూలైలో పొట్టంగి ఎక్కుతుండగా నా కారు మొదట మూడో గేరులో మిస్ కొట్టింది, తరువాత రెండో గేరులోనూ కొట్టింది, చివరికి ఒక మలుపు దాటాక ఆగిపోయింది. మూత తీసి లోపల చూస్తే, ప్లగ్గు వైరు కలిసే ఒక కడ్డీ నుంచి పక్క కడ్డీ వరకు తలవెంట్రుక మందాన నల్లటి గీత కనబడింది, సన్నగా చెక్కిన పెన్సిలుతో ఎవరో గీసినట్టు. కరెంటు పాకిన చోట మూత పదార్థం కాలి బొగ్గుగా మారడం వల్ల ఆ గీత పడుతుంది. ఒకసారి బొగ్గు పడితే మూత పొడిగా ఉన్నా కరెంటు ఆ దారినే పోతుంది. మూత లోపలి చెమ్మను పొడి బనియను గుడ్డతో తుడిచి, ఆ గీతను బ్లేడు మొనతో గీకివేస్తే ఇల్లు చేరగలిగాను. అది ఇల్లు చేరడానికి చేసిన పనే. గీత పడిన మూతను మార్చవలసిందే.

ఇలాంటి గీత ఘాటీలో బయటపడే దాకా ఆగకుండా ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. చీకటి పడ్డాక ఇంజిను నడుస్తుండగా బానెట్ ఎత్తి, ఇస్త్రీకి వాడే నీళ్ళ స్ప్రేతో ప్లగ్గు వైర్ల మీద, మూత మీద సన్నటి తుంపర కొట్టండి. చేతులు వైర్లకు తగలనివ్వకండి, వదులు దుస్తులు ఫ్యాను దగ్గరికి రానివ్వకండి. ఎక్కడ కరెంటు కారుతుందో అక్కడ నీలిరంగు నిప్పు పాకుతూ కనబడుతుంది. ఆ వైరును, మూతను మార్చి, ప్రతి రబ్బరు టోపీ లోపలి అంచుకు సిలికాన్ గ్రీజు పలచగా రాయాలి. ఆపైన గిన్నెలు కడిగేటప్పుడు వేసుకునే రబ్బరు గ్లవ్ ఒకటి తీసుకుని, వేళ్ళ కొసలు కత్తిరించి, ఒక్కొక్క వేలిలోంచి ఒక్కొక్క వైరు లాగి, గ్లవ్‌ను మూత మీద బోర్లించండి. కింది వైపు కట్టకుండా వదిలేస్తే లోపలి ఆవిరి పోతుంది. డబ్ల్యూడీ-40 స్ప్రే డబ్బా కారులో ఉండాలి. ఆ పేరులోని మొదటి రెండక్షరాలకు అర్థమే నీటిని తరిమివేయడం. ఆగిన కారును కదిలించడానికి అది చాలు కానీ, గ్రీజు చేసే పని అది చేయదు.

డైనమో సంగతి కూడా తెలిసి ఉండాలి. 1967కు ముందరి ఎంజీబీలో ఉన్న డైనమో మహా అయితే 22 ఆంపియర్లు ఇస్తుంది, ఇంజిను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు దాదాపు ఏమీ ఇవ్వదు. హెడ్‌లైట్లు, వైపరు, ఇగ్నిషన్, పెట్రోలు పంపు, హీటరు ఫ్యాను కలిస్తే 17, 18 ఆంపియర్లు తేలికగా అయిపోతాయి. దీని మీద ఎక్కువ వాట్ల హాలోజన్ బల్బులు వేస్తే, రాత్రి వానలో లారీల వెనుక నత్తనడకన ఘాటీ ఎక్కేవారి బ్యాటరీ సెమిలిగుడ చేరేలోపే చచ్చుబడుతుంది. వెనుక దీపాలకు ఎల్‌ఈడీ బల్బులు వేయిస్తే లోడు తగ్గుతుంది, వెనుక వచ్చే లారీవాడికి మీరు కనబడతారు. అయితే ఆ కాలపు కార్లలో బ్యాటరీ పాజిటివ్ వైపు ఎర్త్ అయి, అంటే కారు బాడీకి కలిపి, ఉంటుంది కాబట్టి, అందుకు సరిపడే బల్బు అడిగి తీసుకోవాలి. ఆ కాలపు ఎంజీబీలో సీట్ల వెనుక పలక కింద రెండు ఆరు వోల్టుల బ్యాటరీలు ఉంటాయి. కారులోకి వచ్చిన నీరు అక్కడికీ చేరుతుంది కాబట్టి ఆ గూడు అడుగున ఉన్న రంధ్రం తెరిచి ఉందో లేదో చూసుకోండి.

మూడో మెట్టు: నీరు పోయే దారులు, టాపు, అద్దం

తలుపుల అడుగున, గుమ్మం కింది పెట్టెభాగాల్లో, బానెట్ వెనుక గాలి లోపలికి పోయే జాలీ కింద కంపెనీవారే నీటి దారులు పెట్టారు. ఎంజీబీలో ఆ జాలీ కింది గదికి ఒక రబ్బరు గొట్టం ఉంటుంది. ఆకులూ మట్టీ చేరి అది మూసుకుంటే నీరు ఆ గదిలో నిండి హీటరులోంచి కాళ్ళ మీదికి పొర్లుతుంది. సైకిలు బ్రేకు వైరు ముక్కతో ఏడాదికి రెండుసార్లు ఈ దారులన్నీ పొడవండి.

ఈ విషయంలో నేను నష్టపోయాను. లోపలి కార్పెట్లు కొత్తగా వేయించినప్పుడు, పని చేసినవారు నేల రేకులోని రంధ్రాలకు బిళ్ళలు అంటించి, వాటి మీద జిగురు పూసి కార్పెట్ పరిచారు. చూడడానికి పని ఎంతో నీటుగా ఉంది. రెండు వానాకాలాలు గడిచాక డ్రైవరు మడమ కింద నేల మెత్తగా తగిలితే కార్పెట్ పీకి చూశాను. అరచేయి పట్టేంత మేర రేకు పొరలు పొరలుగా ఊడి వచ్చింది. అప్పటి నుంచి కార్పెట్‌ను ప్రెస్ బటన్లతోనే బిగిస్తున్నాను, కింద జనుముతో చేసినదేదీ వేయనివ్వడం లేదు.

టాపు కుట్లకు మైనం రుద్దితే సూది రంధ్రాలు మూసుకుంటాయి. వెనుకనున్న ప్లాస్టిక్ కిటికీని పొడి గుడ్డతో తుడిస్తే గీతలు పడి రాత్రిపూట లైట్లన్నీ చెదిరి కనబడతాయి. దాన్ని ఎప్పుడూ నీళ్ళు పోసి తడి గుడ్డతోనే తుడవాలి. ఆ కాలపు కార్లలో చాలావాటికి వైపరు వేగం ఒక్కటే కాబట్టి అద్దం శుభ్రంగా ఉండడం మీదే చూపు ఆధారపడుతుంది. అద్దం మీది నూనె పొరను వెనిగరు కలిపిన నీటితో, నలిపిన వార్తాపత్రికతో రుద్ది తీయండి, వైపరు రబ్బరును ఏటా మే నెలలో మార్చండి. వైపరు దారిలో పాడైతే, కోసిన బంగాళదుంపను అద్దం బయటి వైపు రుద్దితే నీరు బొట్లుగా నిలవకుండా పలచని పొరగా జారుతుంది. మన లారీ డ్రైవర్లు చాలాకాలంగా చేస్తున్న పని అది, కారు పక్కన పెట్టేంత చూపు ఇస్తుంది.

నాలుగో మెట్టు: బయలుదేరే ముందు

కాలికి గట్టి రబ్బరు అడుగు ఉన్న బూట్లు వేసుకోండి. హవాయి చెప్పులతో తడి పెడల్ తొక్కడం ప్రమాదం. పెడల్ రబ్బర్లు నున్నగా అరిగి ఉంటే మార్చండి. చేతికందే చోట రెండు పొడి గుడ్డలు ప్లాస్టిక్ సంచిలో ఉంచుకోండి, ఒకటి అద్దం లోపలి ఆవిరికి, ఒకటి డిస్ట్రిబ్యూటరుకు. కొత్తగా పోసిన పెట్రోలులో ఇథనాల్ ఉంటుంది, అది చెమ్మను పీల్చుకుంటుంది. నెలలపాటు సగం ట్యాంకుతో నిలిపిన కారును వానలో తీయాలనుకుంటే పాత పెట్రోలు దించి కొత్తది పోయడం మంచిది.

టాపు ఎప్పుడు వేయాలన్న ప్రశ్న అందరూ అడుగుతారు. గంటకు డెబ్బై కిలోమీటర్ల మీద పోతుంటే గాలి వానను అద్దం మీదుగా తల దాటించి తీసుకుపోతుందన్న మాట నిజమే. రాయగడ దాటాక తిన్నని రోడ్డు మీద చిరుజల్లులో నేనూ టాపు లేకుండా పోయాను. ఘాటీలో ఆ వేగం ఉండదు, ఉండకూడదు. నా కారు టాపు కమ్మీలు విడిగా డిక్కీలో ఉండే రకం, ఒక్కరే బిగించడానికి ఐదారు నిమిషాలు పడుతుంది. అందువల్ల ఆకాశం చూసి సాలూరులోనే వేసుకుంటాను. టాపు వేశాక వెనుక పక్కలు బొత్తిగా కనబడవు. రెండు వైపులా బయటి అద్దాలు పెట్టించకుండా ఈ కారును వానలో లారీల మధ్యకు తీసుకుపోవద్దు.

ఐదో మెట్టు: ఘాటీలో నడపడం

చాలా రోజుల తరువాత పడే మొదటి వాన అన్నిటికంటే ప్రమాదకరం. లారీల నుంచి కారిన డీజిల్, ఆయిలు, టైరు రబ్బరు పొడి నీటితో కలిసి రోడ్డు మీద సబ్బులాంటి పొర కడతాయి. గట్టి వాన ఒక అరగంట కురిస్తే ఆ పొర చాలావరకు కొట్టుకుపోతుంది. ఆ అరగంట టీ కొట్టు దగ్గర గడపడం నేను సిగ్గుపడకుండా చేసే పని.

తడి రోడ్డు మీద టైరుకు ఉన్న పట్టు కొంచెమే. దాన్ని బ్రేకుకు వాడితే మలుపుకు మిగలదు, మలుపుకు వాడితే యాక్సిలరేటరుకు మిగలదు. అందువల్ల వరుస ఇది: కారు తిన్నగా ఉండగానే బ్రేకు వేసి వేగం తగ్గించాలి, గేరు మార్చాలి, బ్రేకు మీది కాలు పూర్తిగా తీయాలి, ఆ తరువాతే స్టీరింగు తిప్పాలి, కారు మలుపు విడిచి తిన్నబడుతుండగా యాక్సిలరేటరు నెమ్మదిగా నొక్కాలి. ఆధునిక కారులో ఈ వరుస తప్పినా కంప్యూటరు కాపాడుతుంది. మన కారులో ఆ పని మన కుడి పాదమే చేయాలి.

దూరాల లెక్క చూడండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో, మంచి పొడి రోడ్డు మీద బ్రేకు వేశాక కారు సుమారు 14 మీటర్లలో ఆగుతుంది. తడి రోడ్డు మీద 25 మీటర్లు పడుతుంది. కొండ చరియ నుంచి ఎర్రమట్టి కొట్టుకొచ్చి పరుచుకున్న చోట 40 మీటర్లు దాటుతుంది. బ్రేకు మీదికి కాలు చేరేలోపు గడిచే ఒక సెకనులోనే మరో 14 మీటర్లు పోతాయి. ఎర్రమట్టి ఎక్కువగా మలుపు లోపలి అంచున, కొండ వైపు, చేరుతుంది. కాబట్టి మలుపును లోపలికి కోసుకుంటూ పోయే అలవాటు మానాలి. లారీ చక్రాల కింద నొక్కుకుపోయిన గాడుల్లో నీరు నిలుస్తుంది, మన సన్న టైర్లను వాటికి ఒక చెయ్యి పక్కగా నడిపించాలి.

దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలన్నది పాత మాట, వానలో అది మరీ అవసరం. ఆ గేరును వాలు మొదలయ్యే ముందే వేసుకోండి. ఓవర్‌డ్రైవ్, అంటే పై గేర్లలో ఇంజిను వేగం తగ్గించే ఏర్పాటు, ఉంటే ఆపండి. వాలు మధ్యలో క్లచ్ ఒక్కసారిగా వదిలి కింది గేరు వేస్తే ఇంజిను వెనుక చక్రాలను బిగపట్టి, బ్రేకు తొక్కకుండానే కారు జారుతుంది. గేరు మార్చక తప్పకపోతే మధ్యలో ఒకసారి యాక్సిలరేటరు తట్టి, ఇంజిను వేగాన్ని చక్రాల వేగానికి తెచ్చి క్లచ్ వదలాలి. ఎదురుగా ఎక్కి వచ్చే వాహనానికి దారి ఇవ్వడం దిగేవారి బాధ్యత. నిండు లోడుతో ఎక్కుతున్న లారీ తడి వాలులో ఆగితే మళ్ళీ కదలడం కష్టం.

ఎదురు లారీ చిమ్మే నీరు మన ఎత్తుకు సరిగ్గా ముఖం దగ్గరికి వస్తుంది. లారీ దగ్గరకు రాకముందే వైపరు వేసి ఉంచి, యాక్సిలరేటరు కొంచెం తగ్గించి, స్టీరింగు తిన్నగా పట్టుకుని, అద్దం మళ్ళీ కనబడే ఆ ఒక్క క్షణం ఏమీ చేయకండి. కంగారులో తొక్కే బ్రేకే అక్కడ కారును తిప్పేస్తుంది. సెమిలిగుడ దగ్గర మబ్బు రోడ్డు మీదికి దిగితే లో బీమ్ వాడండి. హై బీమ్ మబ్బు మీద పడి గోడలా వెనక్కి కొడుతుంది. అద్దం లోపల ఆవిరి పడితే, ఉక్కగా ఉన్నా సరే హీటరు వేసి, ఒక పక్క అద్దం రెండు వేళ్ళ మేర దించండి.

వెనుక భాగం జారితే, అది ఏ వైపు జారుతుందో స్టీరింగు ఆ వైపుకే కొంచెం తిప్పి, యాక్సిలరేటరును మెల్లగా తగ్గించి, చూపును వెళ్ళవలసిన రోడ్డు మీదే ఉంచాలి. కారు తిన్నబడుతుండగా స్టీరింగును వెంటనే వెనక్కి తేవాలి, ఆలస్యమైతే కారు రెండో వైపుకు కొడుతుంది. ముందు భాగం జారితే, అంటే స్టీరింగు తిప్పినా కారు తిన్నగా పోతుంటే, ఇంకా తిప్పడం పనికిరాదు. తిప్పినదాన్ని కాస్త తగ్గిస్తే టైరు మళ్ళీ పట్టుకుంటుంది. చక్రాలు బిగుసుకుని జారుతుంటే బ్రేకు వదిలి మళ్ళీ తొక్కుతూ పోవాలి. స్పిట్‌ఫైర్ ఉన్నవారికి ఒక హెచ్చరిక: 1970కి ముందరి వాటి వెనుక ఇరుసు నిర్మాణం వల్ల, మలుపు మధ్యలో యాక్సిలరేటరు ఒక్కసారిగా వదిలితే వెనుక చక్రం లోపలికి ముడుచుకుని కారు గిర్రున తిరుగుతుంది. ఇవన్నీ ఘాటీలో నేర్చుకునేవి కావు. వాన పడ్డ ఖాళీ మైదానంలో, చుట్టూ స్తంభాలూ మనుషులూ లేని చోట, గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంలో పదిసార్లు జారనిచ్చి సరిచేస్తే చేతులకు అలవాటవుతుంది.

ఆరో మెట్టు: రోడ్డు మీద నీరు పారుతుంటే

రాయగడ, గుణుపురం వైపు నాగావళి, వంశధారల్లో కలిసే గెడ్డలు, అంటే వాగులు, గంటలో పొంగి కాజ్‌వేల మీదుగా పారతాయి. పారే నీటిలోకి ఈ కారును దించకూడదు. కారు నేల సుమారు నాలుగు చదరపు మీటర్లు అనుకుంటే, నేలకు పైన ప్రతి పది సెంటీమీటర్ల నీరూ 400 కిలోల బరువును ఎత్తేస్తుంది. ఇరవై సెంటీమీటర్లు పైకొస్తే 900 కిలోల కారుకు రోడ్డు మీద మిగిలేది దాదాపు ఏమీ ఉండదు, ప్రవాహం పక్కకు తోసుకుపోతుంది. వెనక్కి తిరగడమే దారి.

నిలిచిన నీరు, అదీ చక్రం రింగు అడుగు అంచుకు మించకపోతే, మొదటి గేరులో మనిషి నడిచే వేగంతో దాటవచ్చు. దాటాక బ్రేకులు తడిసి ఉంటాయి. ముఖ్యంగా టీడీలాంటి కార్లలో నాలుగు చక్రాలకూ డ్రమ్ములే కాబట్టి, ఒక పక్క పట్టి మరో పక్క పట్టక కారు ఒక్కసారిగా పక్కకు లాగుతుంది. కుడి కాలితో యాక్సిలరేటరు నడుపుతూ, ఎడమ కాలితో బ్రేకును తేలికగా తాకిస్తూ ఒక రెండు వందల మీటర్లు పోతే ఆ వేడికి డ్రమ్ములు ఆరతాయి. పెడల్ కింద పట్టు మునుపటిలా తగిలే దాకా వేగం పెంచకండి.

ఏడో మెట్టు: ఇల్లు చేరాక

తడి టాపును మడవకండి. ఒక్క రాత్రికే మడతల్లో బూజు మచ్చలు పడతాయి, అవి పోవు. టాపు వేసి ఉంచి, రెండు తలుపుల అద్దాలూ దించి, గాలి ఆడే చోట నిలపండి. హ్యాండ్‌బ్రేకు లాగి వదిలేస్తే తడి బ్రేకు షూలు తెల్లారేసరికి డ్రమ్ముకు అంటుకుంటాయి. మొదటి గేరు వేసి చక్రం కింద ఇటుక పెట్టండి. కార్పెట్లు తీసి దండెం మీద ఆరేయండి, నేల రేకును చేత్తో తడిమి నీరు నిలిచిన చోటు వెతకండి. మరునాడు ఉదయం పైపుతో కారు అడుగున, చక్రాల గూళ్ళలో నీళ్ళు కొట్టి ఎర్రమట్టి అంతా కడిగేయండి, అది ఎండితే రేకును పట్టుకుని నెలల తరబడి చెమ్మను దాస్తుంది. తీగల చక్రాలు ఉన్నవారు ప్రతి తీగ మొదలునూ పాత టూత్‌బ్రష్‌తో రుద్దాలి. చివరగా ఇంజిను వేడెక్కే దాకా ఒక పావుగంట కారు నడిపి తెచ్చి, డిస్ట్రిబ్యూటరు మూత తీసి లోపల చెమ్మ మిగిలిందేమో వేలితో తాకి చూసి, మళ్ళీ బిగించండి.